ఫ్లాట్‌లో చిన్న కుక్కకి బయటికెళ్లే అలవాటు

వైజాగ్ ఎంవీపీ కాలనీలో మాది మూడో అంతస్తు. మా పొమేరియన్ బుజ్జికి అర్జెంటయ్యేసరికి లిఫ్ట్ రావాలిగా! అందుకే అది అడిగేదాకా ఆగను. నిద్ర లేవగానే, తిన్న కాసేపటికి, ఆట అయ్యాక, రాత్రి పడుకునే ముందు కిందికి తీసుకెళ్తాను. కుక్కపిల్ల వయసు ఎన్ని నెలలో సుమారుగా అన్ని గంటలే ఆపుకోగలదు. 3 నెలలదైతే 3 గంటలు, అదీ గట్టిగా అయితే. చిన్న జాతులకి ఇంకా తక్కువ.

రోజూ ఒకే చోటుకి, బెల్టుతోనే. పని కానిచ్చిన మరుక్షణం అక్కడే ఉడకబెట్టిన చికెన్ ముక్క పెట్టండి. ఇంటికొచ్చాక పెడితే లిఫ్ట్ ఎక్కినందుకు అనుకుంటుంది.

లోపల పోస్తే తిట్టకండి, ముక్కు రుద్దకండి. మన కళ్లుగప్పి సోఫా వెనక పోయడం నేర్చుకుంటుంది, అంతే. మా అత్తయ్యగారు ఫినాయిల్ అంటారు గానీ, దాంతో వాసన పోయినట్టనిపించేది మనకే, కుక్క ముక్కుకి కాదు. పెట్ షాపులో ఎంజైమ్ క్లీనర్ (మూత్రం వాసనని మూలంతో సహా పోగొట్టే ద్రవం) అడగండి. వైజాగ్ ఉక్కకి డోర్‌మ్యాట్లు సరిగా ఆరవు; కొన్నాళ్లు తీసేయడమే మేలు.

తుఫాను రోజుల్లో బాల్కనీలో ట్రే చాలు. అలవాటైన కుక్క ఉన్నట్టుండి మళ్లీ ఇంట్లో పోయడం మొదలెట్టి, మాటిమాటికీ కొంచెం కొంచెం పోస్తుంటే మూత్రంలో ఇన్ఫెక్షన్ కావచ్చు. పశువుల డాక్టర్‌కి చూపించండి.