ఒకే ఇమేజ్, మూడు క్లౌడ్‌లు: కాటా చీటీ సర్వీసును సర్వర్‌లెస్‌గా పెట్టే పద్ధతి

ఒడిశాలోని పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో ఒక కూరగాయల మండీ అనుకోండి. కాటా మీద బస్తా తూచగానే బరువు ఫోన్లో కొడతారు. చీటీ పీడీఎఫ్‌గా రైతుకి వెళ్లాలి, తెలుగులోనూ ఒడియాలోనూ. తెల్లవారుజామున నాలుగు నుంచి ఎనిమిది దాకా ఊపిరాడని పని, తర్వాత రోజంతా ఖాళీ. దీనికి నెలంతా సర్వర్ తిప్పడం దండగ. సర్వర్‌లెస్ కంటెయినర్ (యాప్‌ని, దానికి కావలసినవాటిని కలిపి కట్టిన మూట; నడిపే సర్వర్‌ని క్లౌడ్ వాళ్లే చూసుకుంటారు) అయితే పని లేనప్పుడు సున్నాకి దిగిపోతుంది.

గూగుల్ క్లౌడ్ రన్, అజూర్ కంటెయినర్ యాప్స్, ఏడబ్ల్యూఎస్ లాంబ్డా: మూడింట్లోనూ ఒకే ఇమేజ్ (కంటెయినర్ లేచేందుకు వాడే ఫైలు) నడవాలంటే, తాను ఏ క్లౌడ్‌లో ఉందో ఇమేజ్‌కి తెలియకూడదు. పోర్ట్ నంబరు (యాప్ రిక్వెస్టులు అందుకునే తలుపు) ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ నుంచి, అంటే క్లౌడ్ బయటి నుంచి ఇచ్చే సెట్టింగ్ నుంచి చదవండి, లేకపోతే 8080. యాప్ 0.0.0.0 మీద, అంటే బయటి నుంచి వచ్చే రిక్వెస్టులు కూడా వినాలి. 127.0.0.1 మీద, అంటే కంటెయినర్ లోపలికే పెడితే లాగ్‌లో యాప్ లేచినట్టే ఉంటుంది, క్లౌడ్ రన్ మాత్రం కంటెయినర్ లేవలేదంటుంది. అజూర్‌లో టార్గెట్ పోర్ట్ కూడా 8080 ఇవ్వండి. లాంబ్డా హెచ్‌టీటీపీ సర్వర్‌ని నేరుగా పిలవదు. మధ్యలో ఆ పని చేసే లాంబ్డా వెబ్ అడాప్టర్‌ని డాకర్‌ఫైల్‌లో (ఇమేజ్ ఎలా కట్టాలో రాసే ఫైలు) ఒక కాపీ లైనుతో చేర్చండి. మిగతా రెండు చోట్లా అది కదలకుండా పడి ఉంటుంది.

బిల్డ్ (ఇమేజ్ కట్టే పని) ఇంట్లో చేయకండి. అప్‌లోడ్ 4 ఎంబీపీఎస్ ఉన్నచోట 1 జీబీ ఇమేజ్ ఎక్కడానికి అరగంట దాటుతుంది, మధ్యలో సిగ్నల్ పోతే చికాకు. కోడ్ మాత్రం గిట్‌హబ్‌కి పంపి, బిల్డ్, పుష్ అక్కడి యాక్షన్స్‌కి వదిలేయండి. ప్లాట్‌ఫామ్ లినక్స్ ఏఎండీ64 (linux/amd64) అని రాయండి. ఎం సిరీస్ మ్యాక్‌లో ఊరికే బిల్డ్ చేస్తే వేరే రకం ప్రాసెసర్‌కి సరిపోయే ఏఆర్‌ఎం ఇమేజ్ తయారై, క్లౌడ్‌లో ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్ వస్తుంది. లాంబ్డా కోసం బిల్డ్ఎక్స్‌లో (డాకర్ బిల్డ్ సాధనం) ప్రొవెనెన్స్ (ఇమేజ్ ఎలా తయారైందో చెప్పే వివరం) ఆపేయాలి, లేకపోతే ఇమేజ్ మానిఫెస్ట్‌ని (ఇమేజ్‌లో ఏముందో చెప్పే జాబితా) లాంబ్డా ఒప్పుకోదు. పైగా దాని ఇమేజ్ అదే రీజియన్‌లోని ఈసీఆర్‌లో (ఏడబ్ల్యూఎస్ ఇమేజ్‌ల గిడ్డంగి) ఉండాలి.

ఇక అక్షరాలు. స్లిమ్ డెబియన్ (లినక్స్‌లో చిన్న రకం) ఇమేజ్‌లో తెలుగు, ఒడియా ఫాంట్లు ఉండవు. ల్యాప్‌టాప్‌లో ముచ్చటగా ఉన్న చీటీ క్లౌడ్‌లో డబ్బాలు డబ్బాలుగా వస్తుంది. డాకర్‌ఫైల్‌లో ఫాంట్స్ నోటో కోర్ (fonts-noto-core) ప్యాకేజీ వేయండి. ఒడియా ఫాంట్ పేరులో ఒరియా అనే ఉంటుంది, వెతికేటప్పుడు గుర్తుంచుకోండి. ఫాంట్ ఉన్నా సరిపోదు. అక్షరాలను విడివిడిగా అంటించే పీడీఎఫ్ లైబ్రరీ అయితే ‘ఉల్లిపాయ’లో ల వత్తు విడిపోయి పక్కన పడుతుంది. అక్షరాలను కలిపి పేర్చే పాంగో మీద నడిచే వీజీప్రింట్ (WeasyPrint) లాంటిది వాడండి. రైతు చదవలేని చీటీ ఇవ్వకూడదు.

తేదీ కూడా చూసుకోండి. కంటెయినర్ గడియారం యూటీసీలో (మన సమయం కంటే ఐదున్నర గంటలు వెనక) ఉంటుంది. 12వ తేదీ తెల్లవారుజామున 4:30కి తూచిన సరుకు 11వ తేదీ చీటీలో పడుతుంది. డేటాబేస్‌లో యూటీసీ ఉంచి, చీటీ మీద రాసేటప్పుడే ఏషియా కోల్‌కతాకి మార్చండి.

క్లౌడ్ రన్‌లో ఒక ఇన్‌స్టాన్స్‌కి (నడుస్తున్న ఒక్కో కంటెయినర్‌కి) మామూలుగా ఒకేసారి 80 రిక్వెస్టులు వస్తాయి. పీడీఎఫ్ పనికి అది చాలా ఎక్కువ. 512 ఎంబీ మెమరీ నిండి ఇన్‌స్టాన్స్ పడిపోతుంది. ఒకేసారి 4 రిక్వెస్టులతో మొదలుపెట్టి చూడండి. అక్కడ రాసిన ఫైళ్లూ మెమరీనే తింటాయి. లాంబ్డాలో టెంప్ ఫోల్డర్ తప్ప ఇంకెక్కడా రాయలేరు. గరిష్ఠ ఇన్‌స్టాన్సులకీ హద్దు పెట్టండి: పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మామూలుగా 100 కనెక్షన్లే ఇస్తుంది, ఒక్కో ఇన్‌స్టాన్స్ 5 తీసుకుంటే 20 దగ్గరే నిండిపోతుంది. 15 దగ్గర ఆపండి.

ఎక్కువమంది పడే గుంట ఇంకొకటి ఉంది. జవాబు ముందే పంపేసి, మెసేజ్ పంపే పని వెనకాల నడిపిస్తారు. క్లౌడ్ రన్‌లో రిక్వెస్టు లెక్కన బిల్లు అయ్యే పద్ధతి ఉంటే, జవాబు వెళ్లగానే సీపీయూ దాదాపు ఆగిపోతుంది, మెసేజ్ అక్కడే ఇరుక్కుంటుంది. పని అయ్యాకే జవాబివ్వండి, లేదా తర్వాత చేసే పనుల వరుసలో (క్యూ) వేయండి.

కొండ దారుల్లో సిగ్నల్ తెగితే ఫోన్ అదే బరువు మళ్లీ పంపుతుంది, రెండు చీటీలు పుడతాయి. చీటీ నంబరు ఫోన్‌లోనే తయారు చేసి, డేటాబేస్‌లో దాన్ని యూనిక్‌గా (అదే నంబరు రెండోసారి పడకుండా) పెట్టండి. రెండోసారి వస్తే పాత చీటీనే తిరిగి ఇవ్వండి.

తొలి రిక్వెస్టుకి ఆలస్యం తగ్గాలంటే మండీ వేళల్లోనే ఒక ఇన్‌స్టాన్స్ లేపి ఉంచండి. అజూర్‌లో దీనికి కీడా (KEDA) క్రాన్ రూల్, అంటే ఫలానా వేళకి ఇన్‌స్టాన్సులు లేపే నియమం ఉంది: మొదలు 3:45, ముగింపు 8:30, టైమ్‌జోన్ ఏషియా కోల్‌కతా.