కారు మీది సన్న గీతలు ఇంటి దగ్గరే పోగొట్టాలంటే

గీత ఏ పొర దాకా దిగిందో తేలకుండా కాంపౌండ్ (గీతల్ని అరగదీసే పేస్టు) మూత తీయొద్దు. రేకు మీద ప్రైమర్, దాని మీద రంగు, అన్నిటికీ పైన రంగులేని క్లియర్ కోట్ ఉంటాయి. ఈ క్లియర్ కోట్ మామూలుగా 35 నుంచి 50 మైక్రాన్లు, అంటే వార్తాపత్రిక కాగితమంత మందం కూడా ఉండదు. గీత తీయడమంటే దాని చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ని కాస్త అరగదీసి, గీత అంచుల మీద వెలుగు విరగకుండా చేయడమే. అరిగింది మళ్లీ రాదు. కాబట్టి ఎంత తక్కువ రుద్దితే అంత మంచిది.

కారు కడిగి ఆరాక గీతకు అడ్డంగా గోరు మెల్లగా జరపండి. ఎక్కడా ఆగకుండా జారిపోతే ఇంట్లో తీయొచ్చు. గోరు తగులుకుంటే లోతు ఎక్కువ, రుద్దితే మసకబారుతుందే గానీ పూర్తిగా పోదు. గీత మీద కాసిని నీళ్లు చల్లి కూడా చూడొచ్చు. తడి ఉన్నంతసేపు మాయమైతే అది చాలావరకు క్లియర్ కోట్‌లోనే ఉంది. తడిలోనూ తెల్లగానో బూడిద రంగుగానో కనబడితే ప్రైమర్ బయటపడింది. అది టచప్ పని, అంటే చుక్కలుగా రంగు అద్ది కప్పాలి. శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్‌లో ఆటో రాసుకుపోయినప్పుడు పడే పసుపు చార చాలాసార్లు గీతే కాదు, ఆటో రంగు మన కారుకి అంటింది. కొంచెం కాంపౌండ్‌తో రుద్దితే వచ్చేస్తుంది. థిన్నర్ మాత్రం వద్దు. షెడ్డులో మళ్లీ రంగు వేయించిన తలుపైతే థిన్నర్‌కి ఆ రంగు మెత్తబడి ఊడొస్తుంది.

అసలు మన వైపు కార్లకి ఇన్ని గీతలెందుకంటే, సగం కారణం ఇసుక. కళింగపట్నం, శ్రీకూర్మం తీరంలో ఎర్రగా, నల్లగా చారలు కట్టి కనిపించే ఇసుకలో గార్నెట్, ఇల్మెనైట్ ఉంటాయి. గార్నెట్ అంటే గరుకు కాగితాల తయారీలో వాడే ఖనిజమే. బీచ్‌కి వెళ్లొచ్చిన మర్నాడు పొడిగుడ్డతో బానెట్ తుడిస్తే కారుకి గరుకు కాగితం పట్టించినట్టే. టెక్కలి వైపు గ్రానైట్ క్వారీల పొడిదీ ఇదే వరస. ఎండలో బానెట్ మీద సాలెగూడులా గుండ్రంగా మెరిసే సన్న గీతలన్నీ దాదాపుగా పొడిగుడ్డ తెచ్చినవే. తుమ్మకొమ్మలు రాసుకున్న గీతలు వేరు. అవి తలుపుల మీద కారు పొడుగునా, సూటిగా ఉంటాయి, ఒక్కోచోట లోతుగా దిగుతాయి.

అందుకే పనిలో ముప్పాతిక వంతు కడగడమే. ఎండ ముదరకముందు, నీడలో మొదలుపెట్టండి. అరచెయ్యి ఆనిస్తే రేకు చల్లగా తగలాలి. ముందు పైపుతో పైనుంచి కిందికి నీళ్లు కొట్టి, ఇసుక తనంతట తాను జారిపోయేలా చూడాలి. తర్వాత రెండు బకెట్లు పెట్టుకోండి. ఒకదాంట్లో 10 లీటర్ల నీళ్లు, డబ్బా మీద చెప్పినంత కార్ షాంపూ. రెండోదాంట్లో ఉత్త నీళ్లు. ఒక భాగం రుద్దిన ప్రతిసారీ గుడ్డని ఉత్త నీళ్లలో జాడించాకే షాంపూలో ముంచాలి. గిన్నెలు తోమే సబ్బు వ్యాక్స్‌ని లాగేస్తుంది, తోమే పొడి, పీచు ఏకంగా కొత్త గీతలు పెడతాయి. బోరు నీళ్లయితే ఆరనివ్వకుండా మైక్రోఫైబర్ గుడ్డతో అద్దండి, లేదంటే తెల్లమచ్చలు మిగులుతాయి. కడిగాక కూడా వేళ్లకి గరగరమంటే క్లే బార్ (అంటుకున్న మురికిని లాగేసే మెత్తటి మట్టిముద్ద లాంటిది) పట్టించాలి. దాని కింద షాంపూ నీళ్లు ఎప్పుడూ జారుతుండాలి. క్లే ముక్క కింద పడిందా, ఇక దాన్ని పారేయడమే.

ఇప్పుడు గీత చుట్టూ ఒక అడుగు చదరం వదిలి, పక్కనున్న నల్ల ప్లాస్టిక్, రబ్బరు బీడింగులకి మాస్కింగ్ టేపు వేయండి. కాంపౌండ్ ప్లాస్టిక్‌లోకి దూరితే తెల్లగా పట్టేసి ఓ పట్టాన వదలదు. షాపులో ఉత్తగా ‘రబ్బింగ్ కాంపౌండ్’ అంటే పెయింటర్లు వాడే ముతక పేస్టు చేతిలో పెడతారు. క్లియర్ కోట్‌కి పనికొస్తుందని డబ్బా మీద రాసున్న సన్నరకమే అడగండి. ఫోమ్ అప్లికేటర్ మీద బఠాణీ గింజంత కాంపౌండ్ రెండు మూడు చుక్కలు వేసి, ముందు అడుగు చదరమంతా పూయండి. ఆపైన అడ్డంగా ఎనిమిది పది సార్లు, నిలువుగా అన్నే సార్లు, ఒక మోస్తరు ఒత్తిడితో రుద్దండి. వేలి కొసతో గీతనే పట్టుకుని నొక్కొద్దు. అక్కడ గుంటపడి, గీత పోయినా చోటు వంకరగా మెరుస్తుంది. ఒక నిమిషం, నిమిషంన్నరలో కాంపౌండ్ పల్చబడి తేటగా మారుతుంది. ఎండిపోకముందే శుభ్రమైన గుడ్డతో తుడిచి, ఫోన్ టార్చి ఏటవాలుగా వేసి చూడండి. సగం పోయిందనిపిస్తే మళ్లీ ఒకసారి. ఒకే చోట మూడు సార్లకి మించొద్దు.

గుడ్డ మీద ఓ కన్నేసి ఉంచండి. మెటాలిక్ కారుని రుద్దుతుంటే గుడ్డకి కారు రంగు అంటిందంటే క్లియర్ కోట్ అయిపోయింది, అక్కడికక్కడే ఆపేయాలి. క్లియర్ కోట్ లేని పాత తెలుపు, ఎరుపు కార్లకైతే రంగు అంటడం మామూలే. తలుపు అంచులు, బానెట్ మడతల దగ్గర పొర పల్చన, అక్కడ చెయ్యి తేలిక చేయండి. బంపర్ ప్లాస్టిక్ కదా, వేడిని లాక్కోదు. పాలిష్ మిషన్‌తో ఒకేచోట నిలిపి రుద్దితే రంగు కాలుతుంది. ఇంట్లో వాడాలనుకుంటే డ్యూయల్ యాక్షన్ పాలిషరే (ప్యాడ్ తిరుగుతూనే అటూ ఇటూ ఊగే రకం) తీసుకోండి, ఉత్తగా గిరగిరా తిరిగే రోటరీ జోలికి పోవద్దు. రంగుని కాపాడటానికి అంటించే PPF ఫిల్మ్ మీదా, మెరుపు లేని మ్యాట్ రంగు మీదా ఈ పనేదీ చేయకూడదు. సెరామిక్ కోటింగ్ ఉంటే రుద్దిన మేర అదీ పోతుందని గుర్తుంచుకోండి.

గీత పోయిందని వెంటనే సంబరపడకండి. కాంపౌండ్‌లోని నూనె గీతల్లో నిండి కొన్నాళ్లు కప్పి ఉంచుతుంది, రెండు వానలు పడ్డాక గీత మళ్లీ తేలుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో సమానంగా నీళ్లు కలిపి తుడిచి చూస్తే నిజం బయటపడుతుంది. కొబ్బరినూనె, టూత్‌పేస్ట్ చిట్కాల రహస్యం కూడా అదే. నూనె ఉత్త కప్పుడు. పేస్టు కాస్త గీకుతుంది గానీ పళ్ల కోసం చేసిన పొడి కాబట్టి మసక మిగులుతుంది.

మసక ఉంటే వేరే ప్యాడ్‌తో సన్నరకం పాలిష్ ఇలాగే ఒకసారి. చివర వ్యాక్స్ పల్చగా పూసి, వేలితో గీస్తే జిడ్డు అంటకుండా పొడిగా వచ్చినప్పుడు తుడిచేయండి. గాలిలో తేమ ఎక్కువున్న రోజు ఇది ఆలస్యమవుతుంది. తీరం పక్కన ఉండేవాళ్లు రెండు నెలలకోసారి వ్యాక్స్ పూయాలి. కొత్తగా రంగు వేయించిన ప్యానెల్‌కి మాత్రం కనీసం నెల రోజులు వ్యాక్స్ వద్దు, రంగులోని సాల్వెంట్ బయటికి పోవాలి.

గోరుకి కొంచెంగా తగిలే గీతకి 2000, ఆ తర్వాత 3000 నంబరు వాటర్ పేపర్ అనే గరుకు కాగితాన్ని నీళ్లలో నానబెట్టి వాడతారు. చేయి తిరిగినవాళ్ల పని అది, పొర మందం కొలిచే గేజి లేకుండా మొదటిసారే ప్రయత్నించొద్దు. రేకు తెల్లగా మెరిసిందంటే ఉప్పుగాలికి త్వరగానే తుప్పు లేస్తుంది, రుద్దుతూ కూర్చోకండి. ఛాసిస్ నంబరు చెబితే షోరూమ్‌లో రంగు కోడ్ చెబుతారు. చోటు ఆల్కహాల్‌తో తుడిచి, అగ్గిపుల్ల కొసతో ముందు ప్రైమర్, అది ఆరాక టచప్ రంగు, పైన క్లియర్ కోట్ చుక్కలుగా అద్దుకుంటూ రండి.