ఇంట్రామ్యూరల్ ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఆడబోతున్నారా? నడుముకి బెల్టు కట్టే ముందు చూసుకోవాల్సినవి

ఆగస్టులో క్లాసులు మొదలైన కొద్ది వారాలకే అమెరికా యూనివర్సిటీల్లో ఇంట్రామ్యూరల్, అంటే ఒకే క్యాంపస్‌లోని జట్ల మధ్య జరిగే, ఫ్లాగ్ ఫుట్‌బాల్ రిజిస్ట్రేషన్లు తెరుస్తారు. ఎంఎస్‌కి వచ్చిన మనవాళ్లలో చాలామంది ఈ ఆటలోకి వచ్చే దారి ఒకటే. ల్యాబ్‌లోనో డార్మ్‌లోనో ఎవరో టీమ్ పెడతారు, ఒక మనిషి తక్కువ పడతాడు, "నువ్వూ రా, అమెరికన్ ఫుట్‌బాలే కానీ టాకిల్ ఏమీ ఉండదు, అంటే మనిషిని పట్టి పడేయరు, బంతితో పరిగెత్తేవాడిని ఆపాలంటే అతని నడుముకి వేలాడే రిబ్బన్, అదే ఫ్లాగ్, లాగేయడమే" అంటారు. వెళ్లండి. కొత్త దేశంలో క్లాసు బయట నలుగురు స్నేహితులు దొరకడానికి ఇంత తేలికైన మార్గం ఇంకోటి నాకు కనబడలేదు. పైగా ఇది ఇప్పుడు పెద్ద ఆటే. 2023 అక్టోబరులో ముంబైలో జరిగిన అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ (ఐఓసీ) సమావేశంలో క్రికెట్‌తో పాటు దీన్ని కూడా 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లోకి తీసుకున్నారు.

అయితే "టాకిల్ లేదు" అన్న మాట విని "దెబ్బలు తగలవు" అనుకోవద్దు. టాకిల్ ఉన్న ఆటలో తలకి హెల్మెట్, భుజాలకి ప్యాడ్లు ఉంటాయి. ఇక్కడ అవేమీ లేవు. గాల్లో ఉన్న బంతినే చూస్తూ ఇద్దరు ఎదురెదురుగా పరిగెత్తుకొస్తే తలకి తలే తగులుతుంది.

ముందు మన అలవాట్లు మార్చుకోవాలి

చాలా క్యాంపస్‌లు నిర్సా అనే జాతీయ సంస్థ రూల్స్‌నే కొద్దిపాటి మార్పులతో వాడతాయి. సాధారణంగా ఒక్కో జట్టుకి ఏడుగురు. నాలుగు డౌన్లలో, అంటే నాలుగు ప్రయత్నాల్లో, తర్వాతి గీత దాటాలి. ఆ గీతలు 20 గజాలకొకటి ఉంటాయి. స్కోరింగ్ సంగతి రెండు మ్యాచ్‌లు చూస్తే వచ్చేస్తుంది. ముందుగా తెలుసుకోవాల్సినవి ఒంటికి సంబంధించిన రూల్స్.

బంతి చేతిలోంచి జారి నేలని తాకిందంటే అక్కడితో ఆ ప్లే అయిపోయినట్టే. దాని మీద దూకడం వల్ల వచ్చే లాభం ఏమీ లేదు. కానీ టీవీలో ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) చూసి వచ్చినవాళ్లు దూకేస్తారు, వెనకాల వచ్చేవాడి మోకాలు వీళ్ల మొహానికి తగులుతుంది. బ్లాకింగ్ అంటే అడ్డంగా నిలబడటమే. చేతులు పక్కన గానీ వీపు వెనక గానీ ఉంచుకోవాలి, నెట్టకూడదు. బంతి పట్టుకున్నవాడు తన ఫ్లాగ్ మీద చెయ్యి అడ్డం పెట్టకూడదు, మీదికొచ్చేవాడిని చేత్తో తోయకూడదు.

ఊళ్లో కబడ్డీ ఆడి పెరిగినవాళ్లకి ఇంకో చిక్కు ఉంది. మనిషి పక్కనుంచి దూసుకెళ్తుంటే మన చేతులు వాటంతటవే తొడనో నడుమునో చుట్టేస్తాయి. ఇక్కడ అది ఫౌల్, పైగా ఇద్దరికీ ప్రమాదం. మొదటి మ్యాచ్‌కి ముందు ఒక సాయంత్రం రూమ్మేట్‌తో కలిసి ఫ్లాగ్ లాగడం మాత్రమే ప్రాక్టీస్ చేయండి. బంతి అక్కర్లేదు. అతను పక్కలకి తప్పించుకుంటూ రావాలి. మీరు అతని మొహం, భుజాలు చూడకుండా తుంటి మీదే చూపు పెట్టి, దగ్గరికి రాగానే చిన్న అడుగులు వేస్తూ కొంచెం వంగి, వేలాడుతున్న ఫ్లాగ్‌ని అరచేత్తో పట్టి లాగాలి. భుజాలతో ఎవరైనా మోసం చేయగలరు, తుంటితో చేయడం కష్టం.

వేళ్ల గురించి కాస్త ఎక్కువే చెప్తాను

ఈ ఆటలో వేలి దెబ్బలు చాలా మామూలు. అలాగే చాలామంది పట్టించుకోకుండా వదిలేసే దెబ్బలూ ఇవే. రోజంతా కీబోర్డు మీద పని చేసేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

మొదటిది: ఫ్లాగ్ కోసం చెయ్యి చాపితే అది దొరక్క, వేళ్లు అవతలివాడి టీషర్టులోనో జేబులోనో బెల్టు లోపలో ఇరుక్కుంటాయి. అతను పూర్తి వేగంతో పరిగెడుతుంటాడు. వేలు వంగి పట్టుకుని ఉండగా బలంగా లాగినట్టవుతుంది, వేలి కొనని వంచే నరం లాంటి తాడు, అంటే టెండన్, ఎముక దగ్గర తెగిపోతుంది. ఎక్కువగా ఉంగరం వేలికే ఇలా జరుగుతుంది. చూస్తే కొంచెం వాచినట్టే ఉంటుంది, విరిగినట్టు కనిపించదు. ఇంట్లోనే ఇలా పరీక్షించుకోవచ్చు. మధ్య కణుపుని రెండో చేత్తో నిటారుగా పట్టుకుని, వేలి చివరి కణుపు ఒక్కదాన్నే వంచి చూడండి. అది వంగకపోతే వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. దీనికి ఆపరేషన్ అవసరం పడుతుంది, అది వారం పది రోజుల్లోపు జరిగితేనే ఫలితం బాగుంటుంది. "మిడ్‌టర్మ్స్ అయ్యాక చూద్దాం" అనుకుంటే ఆ సమయం దాటిపోతుంది.

రెండోది: బంతి నేరుగా వేలి కొన మీద తగులుతుంది, కొన కిందికి వాలిపోయి సొంతంగా పైకి లేవదు. దీనికి ఎక్కువసార్లు ఆపరేషన్ అక్కర్లేదు, ఆ కణుపుని నిటారుగా ఉంచే స్ప్లింట్ చాలు. కానీ దాన్ని ఆరు నుంచి ఎనిమిది వారాలు రాత్రీ పగలూ తీయకుండా ఉంచాలి. స్నానానికని తీసినప్పుడు కొన ఒక్కసారి వంగినా లెక్క మళ్లీ మొదటి రోజు నుంచే.

ఏ వేలికి దెబ్బ తగిలినా పక్కనున్నవాళ్లు "ఇటివ్వు, లాగి సరిచేస్తా" అంటారు. ఇవ్వకండి. అమ్మకి వీడియో కాల్‌లో చూపిస్తే నూనె రాసి మర్దన చేయమంటుంది. అదీ వద్దు. ఐస్ పెట్టి, పక్క వేలితో కలిపి వదులుగా టేపు చుట్టి, ఎక్స్‌రే తీయించండి.

వేళ్లు ఇలా ఇరుక్కుంటాయనే షార్ట్స్‌కి జేబులు, బెల్టు లూపులు ఉండకూడదన్న రూల్ అంత గట్టిగా అమలు చేస్తారు. జేబుల మీద టేపు వేసుకొస్తే చాలాచోట్ల ఒప్పుకోరు. జేబుల్లేని షార్ట్స్ ఒక జత కొనుక్కోండి, టీషర్టు లోపలికి దోపుకోండి. ఫ్లాగ్ బెల్టుని ముడి వేయడం, షార్ట్స్‌కి చుట్టేయడం మోసం కిందికి వస్తుంది, ఆట నుంచి పంపేస్తారు. అలా ముడేసిన బెల్టు లాగినవాడి వేళ్లే ముందు దెబ్బతింటాయి.

ఉంగరాలు, కడియం, గొలుసు ఏవీ ఉండకూడదు. జాతకం చూసి పెట్టించిన ఉంగరం తీయడానికి మనసు ఒప్పదని నాకు తెలుసు. కానీ ఉంగరం బెల్టుకి తగులుకుంటే వేలి చర్మమంతా ఊడి వచ్చే ప్రమాదం ఉంది, రెఫరీ కూడా ఆడనివ్వడు. కో-రెక్ (అబ్బాయిలు, అమ్మాయిలు కలిసి ఆడే) లీగ్‌లో ఆడే అమ్మాయిలు మంగళసూత్రం, గాజులు, చెవి దిద్దులు, మెట్టెల విషయం ఇంటి దగ్గరే తేల్చుకుని రావడం మంచిది. మైదానం పక్కన తీసి ఎవరి చేతిలోనో పెట్టే బదులు రిక్రియేషన్ సెంటర్ లాకర్‌లో దాచుకోండి.

కళ్లజోడు ఉన్నవాళ్లు పాలికార్బనేట్ స్పోర్ట్స్ గ్లాసెస్ తీసుకోవాలి, లేదా కాంటాక్ట్ లెన్సులు. మౌత్‌గార్డ్ తప్పనిసరి కాకపోయినా పెట్టుకోండి. అది కొన్ని డాలర్ల వస్తువు. అక్కడ పన్ను కట్టించుకోవడం ఎంత ఖరీదో ఒకసారి డెంటిస్ట్ దగ్గరికి వెళ్లినవాళ్లని అడగండి.

కాళ్లు, మోకాళ్లు

ఇండియా నుంచి తెచ్చుకున్న క్రికెట్ స్పైక్స్ పనికిరావు. లోహపు మేకులున్న ఏ బూటూ ఇక్కడ ఒప్పుకోరు. మామూలు రన్నింగ్ షూస్ రాత్రి మ్యాచ్‌ల్లో మంచు పడ్డ గడ్డి మీద జారతాయి. అచ్చుపోసిన రబ్బరు లేదా ప్లాస్టిక్ స్టడ్స్ ఉన్న సాకర్ బూట్లు సరిపోతాయి. టర్ఫ్, అంటే కృత్రిమ గడ్డి, అయితే పొడవాటి స్టడ్స్ వద్దు. పాదం అక్కడే పాతుకుపోయి ఒళ్లు తిరిగితే మోకాలు మెలిపడుతుంది, ఏసీఎల్ (మోకాలి లోపలి లిగమెంట్) తెగడానికి ఎవరూ తగలక్కర్లేదు. ఆడవాళ్లలో ఈ ప్రమాదం ఎక్కువ. లైబ్రరీలో నాలుగు గంటలు కూర్చుని నేరుగా లైనులోకి వెళ్లకుండా పది పదిహేను నిమిషాలు వార్మప్ చేయండి. చిన్న పరుగు, గుంజీలు, ఒక్కో కాలు ముందుకి వేసి మోకాళ్లు వంచడం, పక్కలకి అడుగులు, చివర్లో రెండు మూడు వేగమైన పరుగులు. టర్ఫ్ మీద చర్మం గీసుకుపోతే సబ్బుతో కడిగి కట్టు కట్టండి, ఒకరి టవల్ ఇంకొకరు వాడకండి. చర్మానికి పాకే మొండి ఇన్‌ఫెక్షన్లు అలాగే అంటుకుంటాయి.

అయ్యప్ప దీక్షలో ఉన్నవాళ్లు చెప్పులు వేసుకోరు కాబట్టి ఆ మండలం రోజులు ఆట మానేయడమే మేలు. కార్తీకమాసం కూడా ఈ సీజన్ చివర్లోనే వస్తుంది. సోమవారం ఉపవాసం ఉండి అదే రాత్రి మ్యాచ్ ఆడితే కళ్లు తిరుగుతాయి. కెప్టెన్‌కి ముందే చెప్పి ఆ రోజు బెంచీ మీద ఉండండి.

ఎండ, ఉరుములు, తల

టెక్సాస్, ఫ్లోరిడా, అరిజోనా వెళ్లినవాళ్లు "మేం విజయవాడ ఎండలు చూసినవాళ్లం" అంటారు. ఒంటికి ఎండ అలవాటు కొన్ని వారాల్లోనే పోతుంది. వేసవంతా ఏసీ గదిలో గడిపితే అక్కడ పుట్టి పెరిగినవాళ్లకీ మనకీ తేడా లేదు. మళ్లీ అలవాటు కావడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఎండ కాసిన రోజు టర్ఫ్ గాలికంటే ఎంతో వేడెక్కుతుంది. సూట్‌కేసులో తెచ్చుకున్న ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఇప్పుడు తీయండి. దాహం వేసినప్పుడల్లా తాగండి, ఉత్త నీళ్లు లీటర్లకి లీటర్లు ఒకేసారి తాగడం కూడా మంచిది కాదు.

ఎవరైనా తూలుతూ, పొంతన లేకుండా మాట్లాడుతుంటే అది వడదెబ్బే అనుకుని వెంటనే సాయం మొదలుపెట్టాలి. చెమట పడుతోంది కదా అని ధీమా పడొద్దు, ఆటలో వచ్చే వడదెబ్బలో చెమట పడుతూనే ఉండొచ్చు. 911కి ఫోన్ చేయండి, ఆంబులెన్స్ వచ్చేలోపు ఐస్ నీళ్లలో ముంచండి. టబ్ లేకపోతే చల్లటి నీళ్లు పోస్తూ, తడి టవళ్లు మారుస్తూ ఉండండి. చల్లబరచడం ముందు, తరలించడం తర్వాత.

ఉరుము వినిపిస్తే ఆట ఆగాల్సిందే. గోడలున్న భవనంలోకి గానీ కారులోకి గానీ వెళ్లాలి, చెట్టు కిందకీ పందిరి కిందకీ కాదు. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి. మధ్యలో ఇంకో ఉరుము వస్తే మళ్లీ 30. దీని మీద రెఫరీతో వాదించకండి. అతను కూడా చాలాచోట్ల మీలాంటి స్టూడెంటే, గంటల లెక్కన పనిచేస్తుంటాడు.

తలకి దెబ్బ తగిలి ఎవరైనా అయోమయంగా ఉన్నా, తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్టు ఉన్నా ఆ రోజుకి ఆట ఆపేయాలి. స్పృహ తప్పలేదు కాబట్టి పర్వాలేదన్నది తప్పు, చాలా కంకషన్లలో (తల దెబ్బకి మెదడు అదరడం) స్పృహ తప్పదు. మానకముందే ఇంకో దెబ్బ తగిలితే అది చాలా ప్రమాదం. తలనొప్పి పెరిగిపోతున్నా, పదే పదే వాంతులవుతున్నా, ఒక కంటిపాప పెద్దదైనా, ఫిట్స్ వచ్చినా, లేపితే లేవకపోయినా ఆలోచించకుండా 911.

కాగితాలు

ఇది మైదానంలో కనిపించదు కానీ మనవాళ్లని ఎక్కువ దెబ్బతీసేది ఇదే. రిజిస్ట్రేషన్‌లో మీరు టిక్ పెట్టిన వెయివర్‌కి అర్థం, దెబ్బ తగిలితే ఖర్చు మీదేనని. సీనియర్లు చెప్పారని యూనివర్సిటీ ఇన్సూరెన్స్ మానేసి చవక ప్లాన్ తీసుకుని ఉంటే, ఈ రోజే ఆ పాలసీలో ఎక్స్‌క్లూజన్స్ పేజీ తెరవండి. ఇంటర్‌కాలేజియేట్ (కాలేజీల మధ్య జరిగే) ఆటలు మాత్రమే కవర్ కావని ఉందా, క్లబ్, ఇంట్రామ్యూరల్ కూడా కావని ఉందా చూడండి. ఇంట్రామ్యూరల్ కూడా కవర్ కాదని ఉంటే, ప్లాన్ మార్చుకునేదాకా ఆడకండి. నేను దీన్ని గట్టిగానే చెప్తున్నాను. ఒక ఆపరేషన్ బిల్లు ఇంటి మీద తీసుకున్న లోనుకి ఇంకో లోను కలుపుతుంది.

డిడక్టబుల్ (ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలయ్యే ముందు మీరు కట్టాల్సిన మొత్తం) ఎంతో, దగ్గర్లో మీ ఇన్సూరెన్స్ నెట్‌వర్క్‌లో ఉన్న అర్జెంట్ కేర్ క్లినిక్ ఏదో ముందే తెలుసుకుని, కార్డు ఫొటో ఫోన్లో పెట్టుకోండి. చీలమండ బెణికితే క్యాంపస్ హెల్త్ సెంటరో అర్జెంట్ కేరో చాలు, ఎమర్జెన్సీ రూమ్ అక్కర్లేదు. తల, మెడ, ఛాతీనొప్పి, వడదెబ్బ అయితే బిల్లు గురించి ఆలోచించకండి. ఎమర్జెన్సీ కాంటాక్ట్‌గా గుంటూరులో ఉన్న నాన్నగారి నంబరు ఒక్కటే రాయకుండా, పది నిమిషాల్లో రాగలిగిన రూమ్మేట్ నంబరు కూడా రాయండి.

పెద్ద దెబ్బ తగిలి కోర్సు వదిలేయాల్సి వస్తే ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లు ముందు ఇంటర్నేషనల్ ఆఫీసులో డీఎస్‌ఓని, అంటే విదేశీ విద్యార్థుల స్టేటస్ చూసే అధికారిని, కలవాలి. డాక్టర్ లెటర్‌తో వైద్య కారణం మీద కోర్సుల లోడు తగ్గించుకునే వీలుంది, ఒక డిగ్రీ స్థాయికి మొత్తం కలిపి 12 నెలల వరకు. కానీ అనుమతి వచ్చాకే డ్రాప్ చేయాలి. ముందు డ్రాప్ చేసి తర్వాత అడిగితే స్టేటస్‌కే ముప్పు. స్నేహితుడి ఐడీ కార్డు మీద ఆడటం కూడా వద్దు. టీమ్ ఓడిపోయినట్టు ప్రకటించడంతో ఆగకుండా విషయం విద్యార్థుల క్రమశిక్షణ చూసే కాండక్ట్ ఆఫీసుదాకా పోవచ్చు.

టోర్నమెంటుకి వెళ్తే

క్యాంపస్‌లో గెలిచిన జట్లు ప్రాంతీయ టోర్నమెంట్లకి వెళ్తాయి, అక్కడ బాగా ఆడితే జాతీయ స్థాయికి. అక్కడ ఒకే రోజు రెండు మూడు మ్యాచ్‌లు పడొచ్చు. మొదటి మ్యాచ్ తర్వాత బిరియానీ పొట్లం విప్పకండి. అరటిపండు, పెరుగన్నం, బ్రెడ్ లాంటివి కొద్దికొద్దిగా తినండి. పన్నెండు మందైనా లేకుండా బయల్దేరొద్దు. సరిగ్గా ఏడుగురితో వెళ్లిన జట్టులో తొడ పట్టేసినవాడు కూడా "పర్లేదు, ఆడతా" అంటాడు, ఆ మాటకి కెప్టెన్ తలూపుతాడు. తక్కువ మందితో ఆడనిస్తారా, కనీసం ఎంతమంది ఉండాలి అనేది ముందే కనుక్కోండి. చేరిన వెంటనే దెబ్బలు చూసే ట్రైనర్ ఏ టెంటులో ఉన్నారో, ఏఈడీ పెట్టె (గుండె ఆగితే షాక్ ఇచ్చే యంత్రం) ఎక్కడుందో, మీ మైదానం నంబరు, గేటు పేరు ఏమిటో అందరికీ గ్రూపులో పెట్టండి. 911కి ఫోన్ చేస్తే వాళ్లు మొదట అడిగేది మీరు ఎక్కడున్నారనే.