గాజుకప్ప ఏ ప్రజాతికి చెందిందో గుర్తించడం ఎలా

విశాఖపట్నంలో జంతుశాస్త్రం చదువుతున్న వారికి గాజుకప్ప అడవిలో ఎదురయ్యే అవకాశం లేదు. దక్షిణ మెక్సికో నుంచి ఆండీస్ పర్వతాల మీదుగా బొలీవియా వరకు, అమెజాన్, ఒరినోకో నదీ పరీవాహక ప్రాంతాలలో, టొబాగో దీవిలో, ఆగ్నేయ బ్రెజిల్, ఈశాన్య అర్జెంటీనా అడవులలో మాత్రమే ఇవి జీవిస్తాయి. కాబట్టి అరకులోనో లంబసింగిలోనో గాజుకప్ప కనిపించిందని ఎవరైనా ఫోటో పంపితే, అది మరేదో కప్ప అని స్థలాన్ని బట్టే నిర్ధారించవచ్చు. మనకు అందుబాటులో ఉన్నవి ఐనేచురలిస్ట్, యాంఫీబియావెబ్ వంటి వెబ్‌సైట్లలో ఉన్న ఛాయాచిత్రాలు, పరిశోధకుల వర్ణనలు. వాటి ఆధారంగా ఒక గాజుకప్పను ప్రజాతి (దగ్గరి జాతుల సమూహం, ఇంగ్లీషులో జీనస్) స్థాయి వరకు ఎలా గుర్తించాలో ఇక్కడ వివరిస్తున్నాను. పొట్ట చర్మం పారదర్శకంగా ఉండటమే ఈ కప్పల గుర్తు అని చాలామంది భావిస్తారు. ఆ లక్షణం మన దృష్టిని ఆకర్షిస్తుందే గాని, వర్గీకరణ నిలబడింది దాని మీద కాదు.

ముందుగా ఒకే కప్పకు సంబంధించిన మూడు కోణాల చిత్రాలు సంపాదించండి: వీపు, పొట్ట, చేయి. వీపు చిత్రం ఒక్కటే ఉంటే అక్కడితో ఆగడం మంచిది, ఎందుకంటే లేత ఆకుపచ్చ రంగు మీద పసుపు చుక్కలు ఉండే వీపు అనేక జాతులకు ఉమ్మడి. చిత్రం తీసిన దేశం, ఎత్తు, సమయం కూడా తప్పనిసరిగా రాసుకోండి. సమయం ఎందుకో ప్రత్యేకంగా చెప్పాలి. 2022లో సైన్స్ పత్రికలో వెలువడిన పరిశోధన ప్రకారం హైలినోబట్రాకియం ఫ్లైష్మానీ అనే గాజుకప్ప నిద్రపోయేటప్పుడు తన ఎర్ర రక్తకణాలలో దాదాపు 89 శాతాన్ని కాలేయంలో దాచుకుంటుంది. దానివల్ల శరీరం రెండు మూడు రెట్లు ఎక్కువ పారదర్శకంగా మారుతుంది. మేల్కొని కదలడం మొదలుపెట్టగానే రక్తకణాలు తిరిగి ప్రసరణలోకి వస్తాయి, రక్తనాళాలు ఎర్రగా కనిపిస్తాయి. పగలు ఆకు మీద నిద్రిస్తున్న కప్పను, రాత్రి కూస్తున్న కప్పను పక్కపక్కన పెట్టి, ఎరుపు తేడాను చూసి రెండు వేర్వేరు జాతులని నిర్ణయించడం ఈ కారణంగానే తగదు.

తరువాత కుటుంబాన్ని ధ్రువీకరించాలి. సెంట్రోలెనిడే అనే కుటుంబాన్ని 1951లో ఎడ్వర్డ్ టేలర్ ఏర్పరిచారు. ఇప్పుడు అందులో 150కి పైగా జాతులు ఉన్నాయి. ఎక్కువ జాతుల పొడవు రెండు మూడు సెంటీమీటర్లే. 1872లో హిమెనెజ్ దె లా ఎస్పాదా వర్ణించిన సెంట్రోలీన్ గెకాయిడియం మాత్రం దాదాపు ఎనిమిది సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది. కుటుంబ లక్షణాలు ప్రధానంగా ఎముకలకు సంబంధించినవి. వేళ్ల చివరి అంగుళాస్థి (వేలి ఎముక) ఇంగ్లీషు టీ అక్షరం ఆకారంలో ఉంటుంది. దానికీ దాని ముందరి అంగుళాస్థికీ నడుమ ఒక చిన్న అదనపు మృదులాస్థి ఉంటుంది. మూడవ కరభాస్థికి (అరచేతి ఎముకకు) లోపలివైపు ఒక ఉబ్బెత్తు భాగం పొడుచుకువస్తుంది. మన పాఠ్యపుస్తకాలలో ఆస్ట్రగాలస్, కాల్కేనియం అని చదువుకునే వెనుక కాలి ఎముకలు, సాధారణ కప్పలలో కొనల వద్ద మాత్రమే కలిసి ఉండగా, వీటిలో పూర్తిగా కలిసిపోతాయి.

వీటిలో ఏ ఒక్క లక్షణాన్నీ విడిగా నమ్మకూడదని తెలుసుకోవడానికి మన చెట్టుకప్పే చాలు. వర్షాకాలంలో విశాఖ ఇళ్ల స్నానాల గదులలోకి వచ్చే పాలిపెడేట్స్ మ్యాకులేటస్‌కు కూడా వేళ్ల చివర అదే అదనపు మృదులాస్థి ఉంది. అది రాకోఫోరిడే కుటుంబానికి చెందింది, గాజుకప్పలకు దగ్గరి చుట్టం కాదు. ఆకులను, కొమ్మలను పట్టుకుని ఎక్కవలసిన అవసరం రెండు వంశాలలోనూ ఒకే నిర్మాణాన్ని విడివిడిగా రూపొందించింది. ఆ కప్ప కిటికీ అద్దం మీదికి ఎక్కినప్పుడు దాన్ని ముట్టుకోకుండా అద్దం రెండోవైపు నుంచి ఫోటో తీయండి. వేళ్ల చివరి గుండ్రటి బిళ్లలు అద్దానికి అతుక్కుని వెడల్పయ్యే తీరు, చేతివేళ్ల నడుమ చర్మపు పొర ఎంతవరకు ఉంది, పొట్ట చర్మం మీది గరుకుదనం, ఇవన్నీ ఆ చిత్రంలో స్పష్టంగా కనిపిస్తాయి. గాజుకప్పల పొట్ట చిత్రాలను చదవడానికి ఇంతకంటే మంచి అభ్యాసం లేదని నా అభిప్రాయం. కంబాలకొండ వంటి అభయారణ్యంలో రాత్రి పరిశీలన చేయదలిస్తే మాత్రం అటవీశాఖ అనుమతి తీసుకోండి.

ఇక అసలు మలుపు కాలేయం. కుటుంబంలో రెండు ఉపకుటుంబాలు ఉన్నాయి: సెంట్రోలెనినే, హైలినోబట్రాకినే. పొట్ట చిత్రంలో కాలేయం ఆకారాన్ని, రంగును కలిపి చూడండి. హైలినోబట్రాకినేలో కాలేయం తమ్మెలుగా చీలకుండా ఒకే గుండ్రటి ముద్దగా ఉంటుంది. తమలపాకుకు సున్నం రాసినట్టు, కాలేయాన్నీ జీర్ణనాళాన్నీ తెల్లటి పొర కప్పి ఉంచుతుంది. కాంతిని వెనక్కి తిప్పే ఇరిడోఫోర్ కణాల వల్ల ఆ తెలుపు వస్తుంది. సెంట్రోలెనినేలో కాలేయం తమ్మెలుగా చీలి ఉంటుంది, ఎక్కువ జాతులలో ముదురు ఎరుపుగానే కనిపిస్తుంది. అయితే ఈ ఉపకుటుంబంలోనూ కొన్ని జాతుల కాలేయం మీద తెల్లటి పొర ఉంటుంది, కాబట్టి రంగుకంటే ఆకారానికి ఎక్కువ విలువ ఇవ్వాలి.

కాలేయానికి ఇంత ప్రాధాన్యం ఎందుకో అర్థం కావాలంటే వర్గీకరణ చరిత్రలో ఒక ఘట్టం తెలియాలి. 1991లో రూయిజ్-కర్రాంజా, లించ్ ఈ కప్పలను మూడు ప్రజాతులుగా విభజించారు. మగకప్ప భుజాస్థి (మోచేతికి పైనున్న చేతి ఎముక) మీద ముల్లు ఉంటే సెంట్రోలీన్. ముల్లు లేకుండా తమ్మెల కాలేయం ఉంటే కోక్రనెల్లా. ముల్లు లేకుండా గుండ్రటి తెల్లని కాలేయం ఉంటే హైలినోబట్రాకియం. వాడుకకు ఎంతో సులువైన పద్ధతి అది. 2009లో గ్వాయసమీన్, అతని సహచరులు డీఎన్‌ఏ ఆధారాలతో పరిశీలించినప్పుడు మొదటి రెండు ప్రజాతులూ ఒకే వంశం నుంచి వచ్చిన సహజ సమూహాలు కావని తేలింది. ఫలితంగా అవి అనేక ప్రజాతులుగా విడిపోయాయి. హైలినోబట్రాకియం మాత్రం చాలావరకు నిలిచింది. వెనెజ్వెలా తీర పర్వతాలలోని కొద్ది జాతులు సెల్సియెల్లా అనే కొత్త ప్రజాతిగా విడివడ్డాయి. మగకప్పలు పోట్లాడుకోవడానికి వాడే ముల్లు వేర్వేరు శాఖలలో కనిపిస్తుంది. ముల్లు ఉండని జాతులే ఎక్కువగా ఉన్న నింఫార్గస్ ప్రజాతిలో నింఫార్గస్ గ్రాండిసోనే మగకప్పకు ముల్లు ఉండటం ఇందుకు మంచి ఉదాహరణ. పైగా ఆడకప్పకు ముల్లు ఉండదు కనుక, లింగం తెలియని చిత్రంలో ముల్లు లేకపోవడం దేనికీ రుజువు కాదు.

గుండ్రటి తెల్లని కాలేయం కనిపించిన తరువాత హైలినోబట్రాకియం అని నిర్ధారించుకోవడానికి ఎముకల రంగు, ప్రవర్తన తోడ్పడతాయి. ఈ ప్రజాతి ఎముకలు తెల్లగా ఉంటాయి. సెంట్రోలెనినేలో చాలా జాతుల ఎముకలు ఆకుపచ్చగా ఉంటాయి. ఇది బతికున్న కప్పకే వర్తిస్తుంది, ఆల్కహాల్‌లో భద్రపరిచిన నమూనాలో ఆకుపచ్చ రంగు వెలిసిపోతుంది. ఈ ప్రజాతి మగకప్పలు సాధారణంగా వాగు మీదికి వంగిన ఆకుల అడుగుభాగాన కూర్చుని కూస్తాయి, ఆడకప్పలు గుడ్లను అక్కడే అంటిస్తాయి, మగకప్ప వాటికి కాపలా ఉంటుంది. గుడ్ల నుంచి బయటికి వచ్చిన టాడ్‌పోల్‌లు వాగులోకి జారిపడి అడుగున పేరుకున్న ఆకుల చెత్తలో పెరుగుతాయి.

జాతి స్థాయికి వెళ్లాలనుకుంటే గుండె చుట్టూ ఉండే త్వచాన్ని (పలుచటి పొరను) చూడండి. హైలినోబట్రాకియం వలేరియోయిలో అది పారదర్శకం, కొట్టుకునే గుండె బయటికి కనిపిస్తుంది. దాని వీపు మీది మచ్చల అల్లిక అది కాపాడే గుడ్ల ముద్దను పోలి ఉంటుంది. 2017లో ఈక్వడోర్ అమెజాన్ ప్రాంతం నుంచి వర్ణించిన హైలినోబట్రాకియం యాకులో కూడా గుండె కనిపిస్తుంది, దానితోపాటు వీపు మీద చిన్న ముదురు ఆకుపచ్చ చుక్కలు ఉంటాయి. 2015లో కోస్టారికా నుంచి వర్ణించిన హైలినోబట్రాకియం డయానే వంటి జాతులను గుర్తించాలంటే కూత రికార్డింగు కూడా అవసరం.

పరిశీలన కోసం వీటిని ఎవరూ కొని తెప్పించుకోవద్దు. పెంపుడు జంతువుల వ్యాపారం ఒత్తిడి కారణంగా 2022లో పనామాలో జరిగిన సైటీస్ (అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) సమావేశం మొత్తం కుటుంబాన్ని రెండవ అనుబంధంలో చేర్చింది, అంటే అంతర్జాతీయ వ్యాపారానికి అనుమతి పత్రాలు తప్పనిసరి.

చివరిగా నోట్‌బుక్‌లో పేరు రాసేటప్పుడు, ఏ లక్షణం ఏ చిత్రంలో చూశారో పక్కనే నమోదు చేయండి. కాలేయం, ఎముకలు, గుడ్ల స్థానం స్పష్టంగా ఉండి గుండె త్వచం కనిపించకపోతే, “హైలినోబట్రాకియం, జాతి నిర్ధారణ కాలేదు” అని రాయండి. పొట్ట చిత్రమే దొరకకపోతే సెంట్రోలెనిడే అని రాసి ఆపేయండి.