మెత్తని కుకీలు ఇంట్లోనే – మూడవ పాఠం: చల్లబరచడం, కాల్చడం, సమయానికి తీయడం

గత రెండు పాఠాలలో దినుసులను కాటా మీద తూచుకోవడం, వెన్నను పంచదారతో కలిపి గిలకొట్టడం నేర్చుకున్నాము. ఇప్పుడు మీ గిన్నెలో 100 గ్రాముల వెన్న, 90 గ్రాముల బ్రౌన్ షుగర్, 40 గ్రాముల పంచదార, ఒక గుడ్డు, 160 గ్రాముల మైదా, ఒక చిన్న చెంచా కార్న్‌ఫ్లోర్, అర చిన్న చెంచా వంటసోడా, 100 గ్రాముల చాక్లెట్ చిప్స్ కలిసిన ముద్ద సిద్ధంగా ఉండాలి. ఉప్పు లేని వెన్న వాడినవారు పావు చెంచా ఉప్పు వేశారో లేదో ఒకసారి గుర్తు చేసుకోండి.

కుకీ మెత్తగా ఉండడమంటే, కాలిన తరువాత కూడా దాని లోపల తగినంత తడి మిగిలి ఉండడమే. బ్రౌన్ షుగర్ వాటా ఎక్కువ ఉండాలని మొదటి పాఠంలో పట్టుబట్టింది అందుకే. దానికి రంగునిచ్చే మొలాసిస్ (చెరకు మడ్డి)లోని గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అనే చక్కెరలు తడిని పట్టి ఉంచడమే కాక, చల్లారిన తరువాత పంచదార మళ్ళీ పలుకులు కట్టకుండా అడ్డుపడతాయి. అయితే ముద్ద ఎంత బాగా కుదిరినా, ఓవెన్‌లో మూడు నిమిషాలు ఎక్కువ ఉంటే కరకరలాడే బిస్కెట్టే చేతికి వస్తుంది. 1930లలో అమెరికాలోని మాసచూసెట్స్ రాష్ట్రంలో, విట్‌మన్ అనే ఊరిలో టోల్ హౌస్ అనే సత్రాన్ని నడిపిన రూత్ వేక్‌ఫీల్డ్ చాక్లెట్ ముక్కల కుకీని రూపొందించినప్పుడు దాని పేరులోనే ‘క్రంచ్’, అంటే కరకర, అనే మాట పెట్టారు. మన గిన్నెలో ఉన్నవీ దాదాపు అవే దినుసులు కనుక, మెత్తదనంలో సగం దినుసులది, మిగిలిన సగం ఈ పాఠానిది.

ముందుగా ముద్దను మూత పెట్టి ఫ్రిజ్‌లో కనీసం ఒక గంట ఉంచాలి. వెన్న 32 నుంచి 35 డిగ్రీల మధ్య కరిగిపోతుంది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో వంటగది అంతకన్నా వేడిగా ఉంటుంది కాబట్టి, చల్లబరచని ముద్ద ఓవెన్‌లోకి వెళ్ళకముందే జారిపోయి, లోపలికి వెళ్ళగానే అట్టులా పరచుకుంటుంది. పలుచగా పరచుకున్న కుకీలో తడి నిలవదు. ముద్ద చల్లగా ఉంటే వెన్న నిదానంగా కరుగుతుంది, ఆలోగా అంచులు గట్టిపడి కుకీకి మందం నిలుస్తుంది. వీలైతే రాత్రంతా ఉంచమనే నేను చెబుతాను, ఎందుకంటే మైదా తడిని పూర్తిగా పీల్చుకుని, మరునాటికి రుచి కూడా చిక్కబడుతుంది.

మీగడ చిలికి తీసిన ఇంటి వెన్న వాడేవారికి ఇక్కడ ఒక మాట చెప్పాలి. బజారు వెన్నలో కొవ్వు కనీసం 80 శాతం, నీరు మహా అయితే 16 శాతం ఉంటాయి. ఇంటి వెన్నలో నీరు అంతకన్నా ఎక్కువే ఉంటుంది కనుక, దానిని చల్లని నీటిలో కడిగి, చేత్తో గట్టిగా పిండి, పలుచని బట్ట మీద అద్దిన తరువాతే తూచాలి.

చల్లబడిన ముద్దను 35 గ్రాముల చొప్పున ఉండలు చేస్తే సుమారు 15 వస్తాయి. వాటిని అరచేత్తో అణచకుండా, కాస్త నిలువుగా ఉండేలా వదిలేయండి. ట్రేలో బేకింగ్ పేపర్ పరచి, ఉండకూ ఉండకూ మధ్య మూడు వేళ్ళ వెడల్పు వదలాలి. ఒక వాయి అయిన వెంటనే అదే వేడి ట్రేలో రెండో వాయి పెట్టకండి.

ఓటీజీని (ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్‌ను) 175 డిగ్రీలకు పెట్టి, పై రాడ్డు, కింది రాడ్డు రెండూ వేసి, పదిహేను నిమిషాలు ముందుగా వేడి చేసి, ట్రేను మధ్య అరలో ఉంచండి. చాలా ఓటీజీలలో మీట చూపే వేడికీ లోపల ఉన్న వేడికీ పొంతన ఉండదు కాబట్టి, ఒక చిన్న ఓవెన్ థర్మామీటర్ కొని లోపల ఉంచుకోవడం ఈ పాఠాలన్నిటికీ పనికివచ్చే ఖర్చు.

ఇక్కడి నుంచి ఓటీజీ అద్దం ముందే కూర్చోవాలి. నాలుగో నిమిషానికి ఉండ అడుగు మెత్తబడి కిందికి కుంగుతుంది. ఏడో నిమిషానికి అంచు నిలుస్తుంది గాని, నడిమి భాగం ఇంకా తడిగా మెరుస్తూ ఉంటుంది. పదో నిమిషానికి వేలెడు వెడల్పున అంచు లేత గోధుమరంగుకు తిరిగి, పైన సన్నని పగుళ్ళు విచ్చుకుని, నడుమ మెరుపు తగ్గి పాలిపోయి ఉంటుంది. అట్లకాడ అంచు కిందికి దూర్చి కొద్దిగా లేపితే కుకీ విరగదు, వంగుతుంది. చూడడానికి అది పచ్చిగానే కనిపిస్తుంది, కాని తీయవలసింది అప్పుడే. మొదట్లో నేను నడుమ కూడా గట్టిపడేదాకా ఆగి, వాయి తరువాత వాయి పాడుచేసుకున్నాను. అరిసెలు వండేవారికి ఈ సంగతి సులువుగా అర్థమవుతుంది. పళ్ళెంలో నీళ్ళు పోసి, పాకం చుక్క వేసి, వేళ్ళతో ఉండ కట్టి చూసి, అది ముదరకముందే దించేస్తారు కదా, ఇక్కడ అద్దంలోంచి చూడవలసింది అలాంటి లేతదనాన్నే.

తీసిన కుకీలను ఎనిమిది నుంచి పది నిమిషాలు ట్రేలోనే కదపకుండా ఉంచాలి. ట్రే వేడికి నడిమి భాగం మరికొంత కాలుతుంది, ఆ తరువాత వేడి తగ్గే కొద్దీ కరిగిన వెన్న పేరుకుని, పాకంలా ఉన్న పంచదార చిక్కబడి, కుకీ తన ఆకారంలో నిలుస్తుంది. పిమ్మట జాలీ మీదికి మార్చి పూర్తిగా చల్లారనివ్వండి. గోరువెచ్చగా ఉండగా డబ్బాలో పెడితే ఆవిరి పట్టి పైభాగం జిగురుగా మారుతుంది. చల్లారాక గాలి చొరని డబ్బాలో ఒక బ్రెడ్ ముక్కతో పాటు ఉంచితే, ఆ ముక్కలోని తడి కుకీలకు చేరి, రెండు మూడు రోజులు మెత్తగానే ఉంటాయి.

ఈ వారం అభ్యాసం: మూడు ఉండలను విడివిడిగా, ఒక్కొక్కటి చొప్పున, 9, 11, 13 నిమిషాల పాటు కాల్చండి. ఒక గంట తరువాత ఒకసారి, మరునాడు ఒకసారి విరిచి చూసి, ఏది వంగింది, ఏది పెళుసుగా విరిగింది, మీ ఓటీజీకి ఏ నిమిషం సరిపోయింది అన్నది పుస్తకంలో రాసుకోండి. నాలుగవ పాఠంలో గుడ్డు లేకుండా, బ్రౌన్ షుగర్ బదులు బెల్లంతో చేయబోతున్నాము. అనకాపల్లి బెల్లమో, మీ ఊళ్ళో దొరికే మంచి బెల్లమో 100 గ్రాములు తెచ్చి, సన్నగా తురిమి, పళ్ళెంలో పలుచగా పరచి, ఒక పూట నీడన ఆరనిచ్చి ఉంచండి.