చార్లెస్ రాజు ఖజానా: పార్లమెంటు పాఠాన్ని చింతపిక్కలతో ఆడించే పద్ధతి

హైదరాబాద్ డిగ్రీ కాలేజీల్లో యూరప్ చరిత్ర చెప్పేవాళ్లకి ఇది తెలిసిందే: పిల్లలు 1628, 1640 అని బట్టీ పడతారు, ఇంగ్లండ్ రాజు మొదటి చార్లెస్‌కీ పార్లమెంటుకీ గొడవ దేనిమీదో మాత్రం అందదు. గొడవలో పెద్ద వాటా డబ్బుది. సభను అడక్కుండా రాజుకి ఎంత రాబడి ఉంటే సభకి అంత విలువ తగ్గుతుంది. 60 మంది క్లాసులో గంటన్నరలో దీన్ని ఆడించి చూపించొచ్చు.

కావలసినవి 200 చింతపిక్కలు, ఒక పళ్లెం, రెండు రంగుల చీటీలు. రాజు ఒకరు, మంత్రులు ఇద్దరు, స్పీకరు ఒకరు, ప్రభువుల సభకి 12 మంది, మిగిలిన 44 మంది కామన్స్ (ఎన్నికైన దిగువ సభ). మాటకారిని రాజు చేయకండి, నవ్వించి సొమ్ము రాబట్టేస్తాడు. అసలు చార్లెస్‌కి నత్తి, బతిమాలే ఓపికా తక్కువే.

పళ్లెంలో 40 పిక్కలు పెట్టండి. రౌండుకి సొంత ఆదాయం 20 వస్తుంది, ఖర్చు 30 పోతుంది. లోటు 10 పూడ్చేది సభ. అంతకు మించి ఇవ్వకూడదు. పిక్కలు రాజే లెక్కపెట్టాలి.

మొదటి రౌండు 1625. అప్పటిదాకా కొత్త రాజుకి కస్టమ్స్ సుంకం జీవితకాలానికి రాసివ్వడం ఆనవాయితీ. కామన్స్ ఈసారి ఒక్క ఏడాదికే ఇస్తామంది. చీటీలతో క్లాసునే తేల్చుకోమనండి. రెండో రౌండు 1628. సభ అనుమతి లేని పన్ను, కారణం చెప్పని అరెస్టు, ఇళ్లలో సైనికుల మకాం, శాంతికాలంలో సైనిక చట్టం ఇక ఉండవని రాజు సంతకం పెడితేనే పిక్కలు.

మూడో రౌండుకి పిల్లలు రెచ్చిపోతారు. 1629 మార్చి 2న స్పీకరు ఫించ్ సభ వాయిదా వేసి లేవబోతే సభ్యులు కుర్చీలోనే అదిమిపెట్టి తీర్మానాలు చదివించారు. ఇద్దరు స్పీకరు భుజాలు పట్టుకోవచ్చు, కుర్చీ లాగకూడదు. తర్వాత రాజు సభ రద్దు చేస్తాడు, కామన్స్ వరండాలోకి పోతుంది. ఇక సభ లేని 11 ఏళ్లు. ఈ రౌండు నుంచి మంత్రులు 'షిప్ మనీ' (నౌకాదళం పేరుతో సభను అడక్కుండా వేసిన పన్ను) కింద 15 పిక్కలు సొంతంగా తేవచ్చు. దాన్ని మొదటి రౌండులోనే ఇచ్చేస్తే లెక్క తప్పుతుంది.

నాలుగో రౌండులో స్కాట్లండ్ యుద్ధం, అదనంగా 60 ఖర్చు. మొత్తం 90 కావాలి. సభ ఏడాదికేడాది ఇస్తూ వచ్చినా పళ్లెంలో 45, కొత్తగా వచ్చేవి 35. పది తక్కువ. వరండాలోవాళ్లని పిలవక తప్పదు. మొదటి రౌండులో ఉదారంగా జీవితకాలానికి రాసిచ్చిన క్లాసులో మాత్రం సభ లేకున్నా రౌండుకి ఆ 10 వస్తూనే ఉంటాయి కాబట్టి రాజు చేతిలో 100 పోగవుతాయి, పిలుపే రాదు. నిజంలో చార్లెస్ మంజూరు లేకుండానే ఆ సుంకం వసూలు చేశాడు. ఆట సులువు కోసం అది వదిలేశాం.

ఎక్కువగా చెడేది రెండుచోట్ల. ఒకటి, పబ్లిక్ గార్డెన్స్ పక్కనున్న మన అసెంబ్లీని చూసిన అలవాటుతో ఎవరో అవిశ్వాస తీర్మానం అంటారు. అక్కడే ఆపండి: మంత్రులు రాజు మనుషులు, సభ వాళ్లని దించలేదు. జిల్లాల్లో ఓటు ఏడాదికి 40 షిల్లింగుల రాబడి వచ్చే సొంత భూమి ఉన్నవాళ్లదే. రెండోది, పళ్లెంలో మొదట 60 పెట్టడం. యుద్ధం ఖర్చూ తీరిపోతుంది, సభ వరండాలోనే ఉండిపోతుంది. అలా జరిగితే ఆట పాడైందనుకోకండి, అది ఫ్రాన్స్ కథ. 1439 తర్వాత అక్కడి రాజులు తాయ్ అనే నేరు పన్నును ఎస్టేట్స్ జనరల్‌ను (మతాధికారులు, ప్రభువులు, మిగతా జనం అనే మూడు ఎస్టేట్ల సభ) అడక్కుండానే వసూలు చేయడం మొదలుపెట్టారు. 1615లో ముగిసిన ఆ సభ 1789 దాకా మళ్లీ కూర్చోలేదు.

చివరి 15 నిమిషాల్లో ఆ ఫ్రాన్స్ సభనే ఆడించండి, 12 మంది చాలు: మతాధికారులు 3, ప్రభువులు 3, మూడో ఎస్టేటు 6. మొదట ఎస్టేటుకో ఓటు. ఫలితం 2–1, ఆరుగురూ ఓడతారు. తర్వాత మనిషికో ఓటు. 6–6 దగ్గర ఆగుతుంది, ఒక్క ఊరి పూజారి బల్ల మారితే 7–5. 1789 జూన్‌లో ఊరి చర్చిల పూజారులు నిజంగానే అలా ఒక్కొక్కరూ వచ్చి చేరారు. జూన్ 17న మూడో ఎస్టేటు తన్ను తాను జాతీయ సభగా ప్రకటించుకుంది. ఓటు పద్ధతి ముందే చెప్పకండి, 2–1 తగిలాక ఆరుగురూ వాళ్లంతట వాళ్లే అడుగుతారు.