వానలు ముదరక ముందే కొట్టు లెక్కల్ని గట్టెక్కించండి

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం మునిగినప్పుడు కొట్ల వాళ్లు మొదట ఏడ్చింది సరుకు గురించే. లెక్కల సంగతి నీళ్లు తీశాక గుర్తొచ్చింది. సరుకు అప్పు చేసైనా మళ్లీ తెచ్చుకోవచ్చు. ఎవరికి ఎంత అరువిచ్చామో, హోల్‌సేల్ వాళ్లకి మనం ఎంత ఇవ్వాలో రాసి ఉన్న లెక్క పోతే ఏ బజారులో కొంటాం? బాకీ ఉన్నవాడు నిజాయితీపరుడైతే ఇస్తాడు, లేదంటే మన నోటి మాటకి అతని నోటి మాట పోటీ.

ఇంకో సంగతి చాలామంది ఆలోచించరు. పోయిన సరుకుకి ఇన్సూరెన్స్ డబ్బు రావాలన్నా లెక్కలే కావాలి. సర్వేయర్ వచ్చి బురదలో ఉన్న బస్తాలు చూసి ఊరుకోడు. స్టాక్ రిజిస్టర్, కొనుగోలు బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్ అడుగుతాడు. జీఎస్టీలో కూడా నాశనమైన సరుకు మీద అంతకుముందు తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్ను పేరిట తగ్గించుకున్న మొత్తం) వెనక్కి కట్టాలి. ఏ సరుకు ఎంత పోయిందో లెక్క లేకపోతే ఎంత కట్టాలో తేల్చడం మీ ఆడిటర్ గారికీ కష్టమే.

చట్టం కూడా ఇదే చెబుతోంది. జీఎస్టీ లెక్కల్ని వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు దాచి ఉంచాలి. కంప్యూటర్‌లో లెక్క రాసేవాళ్లు ప్రమాదం వల్లో ప్రకృతి వల్లో అది పోయినా తిరిగి తెచ్చుకునేలా బ్యాకప్ పెట్టుకోవాలని జీఎస్టీ నిబంధనల్లో 57వది చెబుతుంది. జీఎస్టీ పోర్టల్‌లో అన్నీ ఉంటాయిలే అనుకోవద్దు. అక్కడ ఉండేది మీరు వేసిన రిటర్నులు, అవీ ఏడేళ్ల వరకే. మీ స్టాకు, మీ అరువు ఖాతాలు, మీ నగదు పుస్తకం పోర్టల్‌కి తెలియవు.

ఇక పని. జూన్‌లోనే మొదలుపెట్టడం మంచిది, ఆలస్యమైతే కనీసం ఆగస్టు లోపు. తుపాన్ల కాలం వేరే ఉంది కాబట్టి అక్టోబరులో ఇంకోసారి చూసుకోవాలి. 2023లో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5న. అంటే ఏడాది చివరిదాకా నిశ్చింత లేదు.

ముందు కొట్టులోకి వెళ్లి సీపీయూ ఎక్కడుందో చూడండి. చాలా కొట్లలో అది కౌంటర్ కింద, నేల మీద, కాళ్లకి తగులుతూ ఉంటుంది. పక్కనే ఎక్స్‌టెన్షన్ బోర్డు కూడా నేల మీదే. నీళ్లు గడప దాటగానే మొదట తడిసేది అదే. దాన్ని టేబుల్ మీదికో గోడకి కొట్టిన చెక్క మీదికో ఎక్కించండి. యూపీఎస్, వై-ఫై రౌటర్ కూడా పైకే. ఈ ఒక్క పనికి గంట కూడా పట్టదు.

తర్వాత అసలు పని, బ్యాకప్. లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ ట్యాలీ ప్రైమ్ వాడేవాళ్లు ఆల్ట్, వై కలిపి నొక్కితే డేటా మెనూలో బ్యాకప్ కనిపిస్తుంది. బ్యాకప్ తీసే ముందు ఒక కాగితం మీద మూడు అంకెలు రాసుకోండి: చివరి అమ్మకం బిల్లు నంబరు, మనకి రావాల్సిన బాకీల మొత్తం, స్టాక్ విలువ. ప్రతిసారీ ఆరోజు తేదీతో కొత్త ఫోల్డర్ చేసి అందులోకి తీయండి. పాత ఫోల్డర్‌లోకే తీస్తే నిన్నటి మంచి బ్యాకప్ మీద ఇవాళ్టి పాడైన డేటా పడే ప్రమాదం ఉంది.

బ్యాకప్ తీశాం, అయిపోయింది అనుకునేవాళ్లే ఎక్కువ. నన్నడిగితే తెరిచి చూడని బ్యాకప్‌ని లెక్కలోకే తీసుకోకూడదు. ఇంకో కంప్యూటర్‌లో, అది మీ అబ్బాయి ల్యాప్‌టాప్ అయినా సరే, రీస్టోర్ చేసి కంపెనీ తెరవండి. కాగితం మీద రాసుకున్న మూడు అంకెలూ అక్కడ అలాగే వస్తే బ్యాకప్ ఉన్నట్టు. రాకపోతే లేనట్టే. కొట్టులో ఉన్న కంప్యూటర్‌లోనే చూడాల్సి వస్తే వేరే ఖాళీ ఫోల్డర్‌లోకి మాత్రమే రీస్టోర్ చేయండి. అసలు డేటా ఉన్న ఫోల్డర్‌లోకే చేస్తే దాని మీద పాతది వచ్చి కూర్చుంటుంది, ఆ మధ్యలో కొట్టిన బిల్లులన్నీ పోతాయి. ఈ పని గుమస్తాతో చేయించినా సరే, మీరు పక్కన కూర్చోండి.

కాపీలు ఎక్కడ పెట్టాలన్నది ఇంకా ముఖ్యం. కొట్టు సింగ్‌నగర్‌లో, ఇల్లు పాయకాపురంలో ఉండి, బ్యాకప్ డిస్క్ ఇంటి బీరువాలో పెడితే ఆ జాగ్రత్త ఒక్క వరదతోనే కొట్టుకుపోతుంది. రెండు చోట్లా వచ్చేది అవే నీళ్లు. ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ గుంటూరులో మీ బావమరిది ఇంట్లోనో, ఎత్తైన చోట ఇల్లున్న బంధువుల దగ్గరో ఉండాలి. రెండు డిస్కులు కొనుక్కుని వారానికొకటి మార్చుకుంటే ఎప్పుడూ ఒకటి ఊరి బయటే ఉంటుంది. పెన్‌డ్రైవ్‌ని నమ్ముకోవద్దు, చేతిసంచిలో పడి పోయేది అదే.

మూడో కాపీ క్లౌడ్‌లో. గూగుల్ డ్రైవ్ లాంటివి పనికొస్తాయి, కానీ సింక్ వేరు, బ్యాకప్ వేరు. సింక్ పెట్టిన ఫోల్డర్‌లో ఇక్కడ ఫైల్ చెరిపితే అక్కడా చెరిగిపోతుంది. డ్రైవ్ ట్రాష్‌లో 30 రోజులు ఉంటుంది, ఆ తర్వాత పోతుంది. అందుకని తేదీ వేసిన బ్యాకప్ ఫోల్డర్‌ని ఎక్కించండి, రోజూ మారే ట్యాలీ డేటా ఫోల్డర్‌ని కాదు. మొబైల్ యాప్‌లో అరువు లెక్క రాసేవాళ్లు సెట్టింగ్స్‌లోకి వెళ్లి బ్యాకప్ ఏ జీమెయిల్‌కి పోతోందో చూడండి. ఎప్పుడో మానేసిన కుర్రాడి జీమెయిల్ అందులో ఉండటం వింతేమీ కాదు.

వరద ఒక్కటే ప్రమాదం కాదు. రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్) పడితే కంప్యూటర్‌కి ఆ సమయంలో తగిలించి ఉన్న ప్రతి డిస్కూ లాక్ అయిపోతుంది. బ్యాకప్ అయిపోగానే డిస్క్ పీకేయండి. ఇంటి నుంచి ట్యాలీ చూసుకోవడానికి ఎవరో కుర్రాడు రిమోట్ డెస్క్‌టాప్ తెరిచి పెట్టి ఉంటే, దాని పాస్‌వర్డ్ మార్చి, ఓటీపీ లాంటి రెండో ధ్రువీకరణ పెట్టించండి. అవసరం లేకపోతే మూయించండి. దాడి జరిగితే డబ్బు అడిగినవాడితో బేరమాడకుండా ముందు నెట్ తీసేసి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

కాగితాల సంగతి. థర్మల్ ప్రింటర్ బిల్లులు వానల్లేకపోయినా వెలిసిపోతాయి, కాబట్టి పెద్ద మొత్తం ఉన్నవి స్కాన్ చేసి పెట్టుకోండి. అరువు పుస్తకాన్ని ఫోన్‌తో పేజీ పేజీ ఫొటో తీసి ఇంట్లో ఇంకొకరికి పంపండి. అద్దె ఒప్పందం, లైసెన్సులు, ఇన్సూరెన్స్ పాలసీ ప్లాస్టిక్ జిప్ కవర్లో వేసి అటక మీద పెట్టండి. కింది అరలో పెడితే కవర్ ఉన్నా బురద చేరుతుంది.

హెచ్చరిక వచ్చిన రోజు. కృష్ణ వరద అయితే ప్రకాశం బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకి మొదటి హెచ్చరిక, 5.69 లక్షలకి రెండోది ఇస్తారు. 2024లో 11 లక్షలు దాటింది. మొదటి హెచ్చరిక వినగానే ఆఖరి బ్యాకప్ తీసి, కంప్యూటర్ ఆపి, ప్లగ్గులు పీకి, పైకెత్తండి. కానీ బుడమేరు వైపు ఉన్నవాళ్లు బ్యారేజీ హెచ్చరిక కోసం ఎదురు చూడకూడదు. ఆ నీళ్లు వేరే దారిలో వస్తాయి. ఎగువన రెండు రోజులు ఎడతెరిపి లేకుండా వాన పడుతుంటే అదే హెచ్చరిక అనుకోండి. వెళ్లేటప్పుడు డిజిటల్ సంతకం ఉండే యూఎస్‌బీ టోకెన్, జీఎస్టీ పోర్టల్‌కి ఇచ్చిన ఫోన్ నంబరు ఉన్న సిమ్, బ్యాంకు ఓటీపీ వచ్చే ఫోను చేతిలో ఉండాలి. కరెంటు, నెట్ పోతే క్లౌడ్‌లోకి వెళ్లలేరు కాబట్టి ఆఖరి బ్యాకప్ డిస్క్ కూడా వెంట తీసుకెళ్లండి.

ఒకవేళ తడిసిపోతే హార్డ్ డిస్క్‌ని ఆరిందో లేదో చూద్దామని ఆన్ చేయకండి. బియ్యంలో పెట్టొద్దు, హెయిర్ డ్రయర్ పెట్టొద్దు, ఎండలో పెట్టొద్దు. మామూలు డిస్క్‌కి గాలి వెళ్లే చిన్న రంధ్రం ఉంటుంది, అందులోంచి బురద నీళ్లు లోపలికి పోతాయి. అవి ఎండితే మట్టి పలకల మీద గట్టిగా అతుక్కుంటుంది. తడిగానే ఒక కవర్లో మూసి డేటా రికవరీ చేసేవాళ్లకి అందించండి. తడిసిన ఖాతా పుస్తకం పేజీలు బలవంతంగా విడదీయొద్దు. వెంటనే ఆరబెట్టే వీలు లేకపోతే కవర్లో చుట్టి డీప్ ఫ్రీజర్‌లో పెడితే బూజు ఆగుతుంది, తీరిక దొరికాక ఒక్కో పేజీ మధ్య పీల్చే కాగితం పెట్టి ఫ్యాన్ కింద ఆరబెట్టుకోవచ్చు.

ట్యాలీలో డేటాకి తాళం వేసే ట్యాలీ వాల్ట్ పాస్‌వర్డ్ పెట్టుకున్నవాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. ఆ పాస్‌వర్డ్ మర్చిపోతే తిరిగి రాదు, బ్యాకప్ ఎన్ని ఉన్నా తెరుచుకోదు. దాన్ని కాగితం మీద రాసి, డిస్క్ ఉన్న చోట కాకుండా వేరే చోట దాచి, ఇంట్లో ఇంకొక మనిషికి ఎక్కడుందో చెప్పండి.